తిరిగివ్వాల్సిన రాయి

కంచెకి బిగించిన ఇనపపలక మీద వాన.
రక్షిత కట్టడం. రాయి కదిపినవారు శిక్షార్హులు.
పలక వెనక చాపెల్ అనబడేది
రెండున్నర గోడలు,
అద్దం లేని తూర్పు కిటికీ,
అందులోంచి ఎవర్నీ అడక్కుండా
వచ్చిపోయే బూడిదమెడ కాకులు.

పొలం డోర్కస్ ర్యాస్ట్రిక్‌ది.
గొర్రెలు ఆమెవి, దురదగొండి ఆమెది,
గోడలూ ఆమెవే, తాకకూడదంతే.
బలిపీఠం ఉండే చోట ముసలి పొట్టేలు పడుకుంటుంది.
దానికి చట్టం తెలీదు.

అయిదేళ్ళకోసారి రూఫస్ అనే కుర్రాడు
టేపు పట్టుకుని వస్తాడు.
నెర్రెని కొలుస్తాడు: వెంట్రుకవాసి పెరిగిందంటాడు.
టీ తాగి, బూట్ల బురద
గడప మీద గీరుకుని వెళ్తాడు.
ఆ గడపా చాపెల్‌దే.
చెప్పదు డోర్కస్.
ధాన్యపుకొట్టు మూల, బావి వొర, గేటు స్తంభం,
ముత్తాత బండికట్టి మోసుకొచ్చుకున్న దేవుడు
ఇల్లంతా ముక్కలుగా ఉన్నాడు.

మొన్న చలికాలం పందులదొడ్డి గోడ కూలింది.
బురదలో ఒక చెయ్యి.
రాతిది. మణికట్టు దాకా.
రెండు వేళ్ళు ఎత్తి ఉన్నాయి, తక్కినవి లేవు.
రెండొందల ఏళ్ళు
లోపలివైపు తిరిగి
పందుల్ని దీవించిన చెయ్యి.

బంగాళాదుంపలు తోమే బ్రష్షుతో తోమింది.
గోళ్ళు కూడా చెక్కాడు, ఎవడో మహానుభావుడు.
బొటనవేలి గోరు కొంచెం వంకర.
తన గోరుకేసి చూసుకుంది.

"తీసుకెళ్ళి అక్కడ పెట్టెయ్యనా?"
రూఫస్ పుస్తకం తిరగేశాడు, చెవులు ఎర్రబడ్డాయి.
"తియ్యడం నేరమండీ.
పెట్టడం కూడా."
దరఖాస్తు ఉందిట, కమిటీ ఉందిట,
మూణ్ణెల్లు పట్టొచ్చుట, ఎక్కువే పట్టొచ్చుట.

నవ్వింది, దగ్గొచ్చేదాకా.
"పట్టుకొచ్చిన రోజున మా ముత్తాతని
ఒక్కడూ కాగితం అడగలేదు నాయనా!"

ఇప్పుడది వంటింటి కిటికీలో ఉంది,
పొలం వైపు తిప్పి పెట్టింది.
ఎత్తిన వేళ్ళ మధ్య
కరెంటు బిల్లు, పశువులడాక్టరు చీటీ.
రాత్రి దీపం ఆర్పబోతూ
దానికి ఏదో చెప్పబోయి మానేస్తుంది.
ఆమెకి ప్రార్థన అలవాటు లేదు.

దరఖాస్తులో ఏడో ప్రశ్న:
రాయి ప్రస్తుతం ఎక్కడ ఉంది?
"వంటింట్లో" అని రాసింది.
కొట్టేసింది.
పెన్ను చివర కొరుకుతూ చాలాసేపు కూర్చుని
"దారిలో ఉంది" అని రాసింది.

కాగితం మడిచి ఆ వేళ్ళ మధ్యే దోపింది.
పోస్టు బండి సోమవారం దాకా రాదు.