అట్టడుగు అర

రాత్రి పదకొండు నుంచి నాలుగు దాక మెయింటెనెన్స్ టైం.
పాలమూరు కలెక్టరేట్ వెనుక, పాత ట్రెజరీ గది.
ఏసీ కింద బకెట్, బకెట్ల ఒక్కొక్క చుక్క.
కుర్మయ్య గేటుకు తాళమేసి
"సువార్తమ్మా, కరెంటు పోతే కేకెయ్యి" అని
దుప్పటి కప్పుకున్నడు.

స్క్రీన్ మీద కొత్త వెర్షన్
తన గొప్పలు తానే చెప్పుకుంటున్నది.

ఏడేండ్లు ఎవలూ ముట్టని ఫైలును
అడగకుండనే కిందికి దించుతదంట.
ఉరికే డిస్కు నుంచి నడిచే డిస్కుకు,
అటెనుక టేపుకు,
టేపు నుంచి అట్టడుగు అరకు.
కోల్డ్ టయర్ అని పేరు.
మా అమ్మ మిరపకాయ బస్తాలు పెట్టొచ్చే
కోల్డ్ స్టోరేజీ యాదికొచ్చింది.
అక్కడైతే చీటీ రాసిస్తరు.

నెలకోసారి ప్రతి ఫైలు నాడి పట్టి చూస్తదంట,
ఒక్క బిట్టు చెడినా రెండో కాపీ నుంచి
అతుకు కనపడకుండ కుట్టుకుంటదంట.
ఇది నచ్చింది.
పోయిన వానకాలం ఎనిమిదో నంబర్ టేపు
బూజు పట్టి నన్ను ఏడిపించింది.

మొత్తం దింపకుండనే ఒక్క కాయితం తీసియ్యొచ్చంట.
ఇదీ నచ్చింది.
ఒక్క పేజీ కోసం రోబో చెయ్యి
మూడు గంటలు అరల నడుమ తిరుగుడు,
బయట బెంచీ మీద మనిషి కూసునుడు
ఇగ ఉండదు.

బెంచీ అంటే ఈదమ్మ.
ఉగాది అయినంక వచ్చింది, కొల్లాపూర్ బస్సుకు,
సంకల సంచి, సంచిల నాయిన పేరున్న
చిరిగిన నోటీసు ముక్క.
ఊరు రేగుదిన్నె.
మా సిస్టంల ఊర్ల పట్టీల ఆ పేరు లేదు.
"ముంపుల పోయింది గదమ్మా" అన్న.

"యాడికి పోయింది?
ఆడ్నే ఉన్నది. మీద నీళ్లున్నయి.
ఎండలు ముదిరితే మా గడప రాయి తేలుతది.
పుట్టి మీద పోయి కూసుంట,
ఇంత సద్ది తిని వస్త.
మునిగినదాన్ని లేదంటరా?"

మూడు గంటలకు కాయితం దొరికింది.
ఇల్లు ఒకటి, యాపచెట్లు రెండు, బాయిల సగం వాటా.
పైసలు ముట్టినట్టు కింద వేలిముద్ర.
ఆమె ఆ ముద్ర మీద తన వేలు ఆనించి చూసుకున్నది.
"మా నాయినది ఇంత చిన్న వేలా"
అన్నది, అంతే.
సంచిల పెట్టుకొని పోయింది.

గంట ఒకటిన్నర.
స్క్రీన్ మీద ఇంకో డబ్బా తెరుచుకున్నది.
గడువు దాటినవి తొలగించు.
టిక్కు ముందే కొట్టి పంపిండ్రు.
గడువు ముప్పై ఏండ్లు. స్థితి: పరిష్కారమైనది.
కిందికి జరిపితే
ముంపు, కొల్లాపూర్ తాలూకా,
నాలుగువేల మూడువందల పదహారు ఫైళ్లు.
ఎంత జాగ మిగులుతదో కూడా చూపించింది:
రెండువందల పది జీబీ.
మా ఇంజినీర్ సారు పెండ్లి వీడియో
అంతకన్న బరువు.

టిక్కు తీసిన.
తీస్తే చాలదంట. వచ్చే నెల మళ్ల అడుగుతదంట.
"ఆపు" అని ఒక మీట, ఇది కూడా కొత్తదే,
ఎప్పటికీ చెరపకుండ ముడేసేది.
దానికి రెండు చేతులు కావాలె.
ఒకరు ముడేయాలె, ఇంకొకరు ఒప్పుకోవాలె.

రాత్రి రెండింటికి శంషుద్దీన్ సార్‌ను లేపిన.
"ఏం ఫైళ్లమ్మా?"
"ముంపువి సార్."
ఫోన్ల ఫ్యాన్ చప్పుడు వినపడ్డది శానసేపు.
తర్వాత ఆరు అంకెలు,
ఒక్కొక్కటి ఆగి ఆగి చెప్పిండు.
ఎందుకని నేనడగలే,
ఆయన చెప్పలే.

కారణం రాయనిదే ముందుకు పోనియ్యదు.
నూట ఇరవై అక్షరాలు దాటొద్దు.
జీవో నంబర్ రాద్దామంటే యాదికి లేదు.
రాసిన:
ఎండాకాలం నీళ్లు తగ్గుతయి.

సరే అన్నది మిషిన్.
దేనికైనా సరే అనేటట్టే ఉన్నది.

అరవై ఒక్క శాతం.
బకెట్ నిండింది,
పారబోసి రావాలె.