ఆరో మెట్టు

టాంపెరెలో నవంబరు. మూడున్నరకే చీకటి.
పాత నూలు మిల్లు గోడల మధ్య
రెండు వందల మందిమి తడి కోట్లు కొక్కేలకు తగిలించి
మెడలో పేరు పట్టీలు వేసుకున్నాం.

ఏడాది మొత్తంలో నా పేరు అచ్చయ్యేది
ఈ పట్టీ మీదే: రైలి కెట్టునెన్.
ఇరవై ఆరేళ్లుగా యంత్రాలకు వాడుక పుస్తకాలు రాస్తున్నాను.
వాటిలో యంత్రానికి పేరుంటుంది, మరకు నంబరుంటుంది,
రాసినదానికి ఏదీ ఉండదు.
నూనె వేళ్లు తిప్పే పేజీల్లో
కనబడకపోవడమే పనితనం అనేవాళ్లు.
నమ్మాను.

పొద్దున ఒకతను వాక్యాలను పెట్టెల్లా పేర్చడం నేర్పాడు.
ఔలు నుంచి వచ్చిన ఇంకొకామె
"ఒక వాక్యానికి ఒకే పని" అని బోర్డు మీద రాసి
ఆ వాక్యాన్నే రెండుసార్లు తుడిచి తిరగరాసింది.
నవ్వుకున్నాం. యాలకుల బన్ను తిన్నాం.
బల్ల కింద బూట్లు విప్పి కూచున్న కుర్రాడు
మన పని ఇంకెన్నాళ్లని అడిగాడు.
ఎవరికీ తెలీదు.

తర్వాత వేదిక మీదికి ఒక వాడుకరిని పిలిచారు.
వేయో కార్పిల. కొమ్మలు తురిమే యంత్రం నడిపేవాడు.
స్లైడ్లు లేవు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి
కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లతో విప్పి చదివాడు:

"ఆరో మెట్టు: మూత ఎత్తండి.
గమనిక: ఎత్తేముందు, బ్లేడు ఆగిందో లేదో దయచేసి చూసుకోండి."

"నేను వరసగా చదివే మనిషిని," అన్నాడు.
"చెప్పింది చెప్పినట్టే చేశాను.
గమనిక దగ్గరికొచ్చేసరికి మూత ఎత్తేసి ఉంది."

హాల్లో ఎవరో దగ్గారు.
ఆ "దయచేసి" నాది.
మా ఫిన్నిష్‌లో దానికి సరైన మాటే లేదు;
ఎక్కడెక్కడి మర్యాదో కూడదీసి నేనే పెట్టాను,
కొట్టేయమంటే పోట్లాడి మరీ ఉంచాను.
చేతులు కాలాక అందించిన ఆకు మీద
ఎంత పొందికైన అక్షరాలు!

కాఫీ వరసలో అతను నా ముందే ఉన్నాడు.
పాల డబ్బీ రేకు ఊడి రావడం లేదు.
సాయం చెయ్యబోయి ఆగాను. పళ్లతో లాగేశాడు.
నా పట్టీ వంక చూసి అడిగాడు, "మీరేం రాస్తారు?"

"ఆరో మెట్టు," అన్నాను.

కిటికీ కింద నీళ్లు మిల్లు గోడను రాసుకుంటూ పోతున్నాయి.
అతను చాలాసేపు కాఫీ కలిపాడు.
"మార్చారా?"
"పదకొండో కూర్పులో. గమనిక ముందుకు తెచ్చాం."
"మా షెడ్డులో ఉన్నది తొమ్మిదోది," అన్నాడు.
"ఇప్పటికీ."

పేరు పట్టీ వెనక్కి తిప్పాను. అంతా తెలుపు.
షెడ్డు చిరునామా అతను చెబుతుంటే
ఒక్కో అక్షరం అడిగి అడిగి రాసుకున్నాను.
పట్టీ నా చేతిలోంచి తీసుకుని
మొదటి నుంచీ వరసగా చదివి
తపాలా అంకెల్లో ఒకటి దిద్దాడు.