శేషం

లీమాలో వాన పడదు.
పసిఫిక్ మీంచి వచ్చే పొగమంచు
కొండ మీది ఇళ్లను నాలుగు నెలలు నానబెడుతుంది,
ఒక్క డ్రమ్మూ నింపదు.

ఆ కొండల చావుల లెక్క నాకిచ్చారు.
మూడో అంతస్తులో, మాస్కు మీద మాస్కుతో,
పేటకొక వరుస, కారణానికొక గడి:
మంచానికి ఎంతమంది,
కుళాయి ఉందా, నీళ్ల లారీ వారానికి ఎన్నిసార్లు,
ఆసుపత్రి ఎంత దూరం,
ఆక్సిజన్ సిలిండరు ఎక్కాల్సిన మెట్లెన్ని.
ఆ చివరిది నేనే కలిపాను. అధికారి నవ్వాడు, వద్దనలేదు.

అన్నిటికన్నా గట్టిగా పలికింది ఫ్రిజ్జు గడి.
నమ్మలేదు. మళ్లీ వేశాను. మళ్లీ అదే.
ఫ్రిజ్జు లేని ఇంట్లో చేప రేపటికి ఆగదు,
రేపటికి ఆగనిది ఇవాళే కొనాలి,
కొనాలంటే ఆ కిక్కిరిసిన బజారుకి ఇవాళా వెళ్లాలి, రేపూ వెళ్లాలి.
ఇంట్లోనే ఉండండి అంది సర్కారు.
ఆకలి ఆ మాట సగమే విన్నది.

మా అమ్మకి రెండు తలుపుల ఫ్రిజ్జుంది.
ఆ ఏడాది ఆమెకి జలుబైనా చేయలేదు.

నలభై ఒక్క పేటలు సూత్రం చెప్పినట్టే చచ్చిపోయాయి.
ఈ వాక్యం ఇలా రాయకూడదని తెలుసు.

నలభై రెండోది, ఆల్టో నెబ్లీనా, మాట వినలేదు.
ఏ గడి చూసినా అధ్వాన్నమే.
కుళాయిలు సున్నా, ఫ్రిజ్జులు మూడు, మెట్లు రెండు వందల పన్నెండు.
ముప్ఫై నలుగురు పోవాలి. పదకొండుగురే పోయారు.
రావలసినదానికీ వచ్చినదానికీ నడుమ మిగిలేదాన్ని
మా శాస్త్రంలో శేషం అంటారు.
"రికార్డులు సరిగా లేవేమో, తీసెయ్" అన్నాడు అధికారి.

తీసెయ్యలేదు. ఎక్కాను.
పసుపు రంగు మెట్లు. నూట నలభై దగ్గర ఊపిరి కోసం ఆగితే
గోడ నిండా సుద్దతో ఇంటి నంబర్లు,
పక్కన గీతలు, ఎవరికెన్ని గరిటెలో.
పైన రేకుల షెడ్డు, నా నడుము ఎత్తు గుండిగ,
కలుపుతున్న ముసలాయన సెలెదోనియో.

"అరవై మూడు పొయ్యిలు ఆర్పి ఒక్కటి వెలిగించాం.
అందరూ బజారుకెందుకు? ఒక్కరు చాలు కదా."
ఎవరా ఒక్కరు?
గరిటె ఆగలేదు.
"ఫోర్తునాతా. మగడు లేడు, పిల్లలు లేరు,
నేను పోతే ఏడ్చేవాళ్లు తక్కువ అంది.
ఆ ఒక్క లెక్కే తప్పింది."

ఎనభై రోజులు చీకటితోనే దిగింది.
వీపున బంగాళాదుంపల బస్తాతో ఎక్కి
నూట నలభయ్యో మెట్టు మీద దించి పక్కకి జరిగేది.
జరిగాకే కుర్రాళ్లు వచ్చి మోసుకెళ్లేవారు.
ఎనభై ఒకటో రోజు బస్తా మెట్టు మీదే ఉంది,
ఆమె పక్కకి జరగలేదు.

పదకొండులో ఆమె ఒకటి.
నా పట్టికలో వెతికితే దొరికింది:
స్త్రీ, యాభై ఎనిమిదేళ్లు, ఫ్రిజ్జు లేదు.
సూత్రానికి చక్కగా సరిపోయింది.

సరిపోనివాళ్లు ఇరవై ముగ్గురు.
వాళ్ల పేర్లు నాకు తెలియవు,
తప్పిపోయిన చావు తమదేనని వాళ్లకీ తెలియదు.
గిన్నె పట్టుకుని వరుసలో నుంచున్న ఎవరైనా కావచ్చు,
ఆ చెప్పుల్లేని పిల్ల, కూపన్ పోయిందని పోట్లాడుతున్న ఆ మనిషి.
అప్పులో శేషం ఉంచకూడదంటారు.
ఇది ఎవరు ఎవరికి తీర్చాలి?

"వివరణకు అందని తేడా" అని నివేదికలో రాశాను.
సంతకం కూడా పెట్టాను.

ఆ రోజు దిగబోతుంటే
సెలెదోనియో ఒక గిన్నె నా చేతిలో పెట్టాడు.
గోడ మీద నాకు నంబరు లేదు.
కాసేపు వెతికాడు,
సుద్దముక్క తీసి
ఖాళీ జాగాలో ఒక గీత గీశాడు.