తొగరు

రాయగడ బస్సులో నా ఒడిలో ఒక సీసా,
కోట్‌పాడ్ ధనమతి కాచి ఇచ్చిన తొగరు వేరు రసం.
కండక్టర్ వాసన చూసి "మందా మేడం?" అన్నాడు.
"ఇనుముకి" అన్నాను.
టిక్కెట్ చించి, నవ్వాపుకుంటూ వెనక్కి వెళ్ళాడు.

ధనమతి చేతులు మోచేతుల దాకా ఎరుపు.
నూలుకి ఆముదం పట్టించి, పేడలో తొక్కి,
బూడిద నీళ్ళలో నానబెట్టి
నెల్లాళ్ళు బతిమాలితే గాని రంగు లోపలికి రాదట.
"ఇనుముకి ఎంతసేపు?"
"ఓ గంట."
"తొందరగా పట్టింది తొందరగానే విడుస్తుంది తల్లీ."

అగ్గిపెట్టెంత ఉక్కు బిళ్ళలు.
గరుకు కాగితంతో రుద్ది, తూచి, దారం కట్టి దించాను.
ఉత్త యాసిడ్‌లోది గోళీసోడాలా పొంగింది.
తొగరు కలిపిన దాంట్లో
ఒక బుడగ,
చాలాసేపటికి
ఇంకొకటి,
జవాబు రాని పిల్లాడు గొంతు సవరించుకున్నట్టు.

ఆరు గంటలయ్యాక మళ్ళీ తూచాను.
మొదటిది నూట ఎనభై మిల్లీగ్రాములు పోగొట్టుకుంది.
రెండోది ఇరవై రెండు.
ఎరుపు మాత్రం ఎక్కడా అంటలేదు,
కంటికి ఆనని పొర ఏదో కావలి కాసింది.
అరవై డిగ్రీలకి వేడి చేస్తే అదీ ఊడిపోయింది.
ధనమతి మాటే.

శనివారం గుంపస్వామి వచ్చాడు,
జింకు పూత షెడ్డులో పంతొమ్మిదేళ్ళ తొట్టి మనిషి.
ముందుపళ్ళు చప్పరించిన పటికబెల్లం ముక్కలు.
చొక్కా కొత్తదే, చిల్లులూ కొత్తవే.
"మా తొట్టి నలబై దాటదు, పర్నేదు" అని
బీకరు కేసి వంగి చూశాడు.
"ఇనప ముక్కనింత ముద్దు సేత్తన్నారు గదమ్మా,
మనిసికేటీ నేదా?"

నా పట్టికలో గాఢత ఉంది, వేడి ఉంది,
గంటలున్నాయి, పోయిన బరువుంది.
ఉక్కు బరువు.

వద్దనేలోగా ఉత్త యాసిడ్ మీద ముక్కు పెట్టి
పొలమారి దగ్గాడు.
తొగరు దాని మీద పెట్టి, ఆగి,
మళ్ళీ పీల్చాడు.
"బుడగ సచ్చింది. పొగా సచ్చింది."
"చావలేదు, తగ్గింది" అన్నాను.
"తగ్గితే సాల్దా?"

తొట్టికి ఎనిమిది కిలోల వేరు కావాలి,
నెలకి ఎన్ని తొట్లో!
వేరు తవ్వితే చెట్టుండదు,
ధనమతి నూలుకేం మిగులుతుంది?
ఆ లెక్క సగంలో ఆపి
పట్టిక చివర, స్కేలు లేకుండానే,
ఓ నిలువు గీత గీశాను.
పైన "దగ్గు" అని రాశాను.
దాన్ని దేనిలో కొలవాలో తెలియలేదు.

బయట కుళాయి దగ్గర
గుంపస్వామి నోరు పుక్కిలిస్తున్నాడు,
ఇంకా, ఇంకా.