చుక్కల మందు వేసిన రోజు

రిపోర్టు సాయంత్రం ఐదింటికన్నారు.
కళ్ళలో మూడుసార్లు చుక్కల మందు వేసి,
పాపలు పెద్దవి చేసి,
నల్లద్దాలు పెట్టి
తాయారొదినని వానలోకి వదిలారు.

"ఇంతదూరం వచ్చి మద్రాసు చూడకుండా పోతామా?"
చూసేదెవరని నేనడగలేదు.
ఆమె ఇంకా మద్రాసనే అంటుంది.
కందుకూరులో ముప్పయ్యేళ్ళు జాకెట్లు కుట్టిన మనిషి.
సూదిలోకి దారం ఎక్కడం మానేశాక
ఎవరికీ చెప్పకుండా రెండు నెలలు
పక్కింటి పిల్లచేత ఎక్కించుకుంది,
రోజుకో చాక్లెట్టు ఇచ్చి.

ఆటో ఏళుమలైది.
పక్కలకి పట్టా కట్టాడు. అయినా
జల్లు మా మోకాళ్ళదాకా వచ్చి కూర్చుంది.
మా మాటలు విని అద్దంలో నవ్వాడు.
"మా ఆయా తెలుగేనమ్మా.
నాకు మూడు మాటలే మిగిలినాయి.
దా. తిను. పడుకో."
చాలవూ, అంది వదిన,
ఒక పిల్లాడు పెరగడానికి.

సెంట్రల్ దగ్గర నీళ్ళు చక్రాల సగానికొచ్చాయి.
"ఎదురుగా ఏముంది?"
ఎర్ర మేడ, వదినా. పైన గడియారం.
"టైమెంత?"
కనబడటం లేదు, వాన.
"అయితే నీకూ చుక్కలేశారన్నమాట."

హైకోర్టు గుమ్మటం మీద ఒకప్పుడు
ఓడలకి దారి చూపే దీపం వెలిగేదట.
ఏళుమలై చెయ్యి చాపిన వైపు నేను చూశాను.
మబ్బుంది.
ఆమె కూడా అటే తల తిప్పి
నాకంటే ఎక్కువసేపు చూసింది.

కోటలో మ్యూజియానికి శుక్రవారం సెలవు.
గేటు దగ్గర జవాను ఆధార్ కార్డు చూశాడు,
నల్లద్దాలు చూశాడు, గొడుగు మూయమన్నాడు,
జాలేసిందేమో, మళ్ళీ తెరుచుకోమన్నాడు.
చర్చి చుట్టూ నేలంతా సమాధిరాళ్ళే,
ఒకదాని పక్కనొకటి,
కత్తిరించి పరిచి ఇంకా కుట్టని ముక్కల్లా.
నడవడానికి వేరే దారి లేదు.
వదిన చెప్పులు విప్పేసింది.
"ఎవరో పడుకున్నారు గదా."

వంగి ఒక రాయి మీద చెయ్యి పెట్టింది.
అక్షరాల లోతులో నీళ్ళు నిలిచాయి.
ఏ భాషో నాకు తెలియదు.
చదవగలిగింది ఒక్క అంకె, మూడు.
మూడేళ్ళో, మూడు నెలలో.
ఆమె చూపుడువేలు గాడి వెంట మెల్లగా పోయింది,
మలుపు దగ్గర ఆగింది,
బొటనవేలి గోటితో లోతు చూసింది,
కాజా కుట్టు సరిచూసినట్టు.
"ఎవడోగానీ తొందరపడలేదే" అంది.
లోపల ఉన్నవాణ్ణి గురించి కాదు,
పైన చెక్కినవాణ్ణి గురించి.

వాన కాసేపు తగ్గింది.
ఆ మాటకే తగ్గిందని నేననను.

ఆ తర్వాత చూసిందేమీ లేదు.
పారిస్ కార్నర్లో బస్సుల హారన్లు,
పేపరంటుకున్న అరటికాయ బజ్జీలు,
గోడౌన్ వీధిలో షట్టర్లు సగం దించిన కొట్లు,
చెమ్మ పట్టిన తానుల వాసన.
అక్కడ మాత్రం ఆమె నా చెయ్యి వదిలేసింది.
గుడ్డ అంచు వేళ్ళ మధ్య నలిపి
"ఇది టూ బై టూ కాదు నాయనా" అంది.
కొట్టతను అర్థమైనా కాకపోయినా
ఇంకో తాను తీశాడు.

దారాల దగ్గర ఆగిపోయింది.
రెండు కండెలు రెండు చేతుల్లో పట్టుకుని
నాకేసి తిరిగింది.
"ఏది నెమలికంఠం? ఏది ఆనందా నీలం?"
ఆ ట్యూబులైటు కింద నాకు రెండూ ఒకటే.
ఏదో ఒకటి చెప్పేసి ఉండొచ్చు.
తెలియడం లేదు వదినా, అన్నాను.
ఆమె కాసేపు ఏమీ అనలేదు.
"రెండూ డజను డజను ఇమ్మను."

నాలుగున్నరైంది.
మళ్ళీ మొదలైంది వాన.
ఏళుమలై పట్టా ఎత్తి పట్టుకుని
తన మూడు మాటల్లో
మొదటిది అన్నాడు.