కారణం గడి

స్టేషన్‌లో రైటర్ని నేను.
ఇరవై రెండేళ్లుగా నెత్తురును నీలిసిరాలోకి ఎత్తిరాస్తున్నాను.
ఫారంలో అన్నిటికీ చోటుంది:
గాయం లోతుకు, కత్తి పొడవుకు,
శవానికి తూర్పున ఎవరి గోడ, పడమర ఏ మోరీ.
కారణానికే రెండు వేళ్ల గడి.
అందులో ఇరుకు లేకుండా పట్టే మాట ఒక్కటే,
క్షణికావేశం.

నిన్న పొద్దుగూకాక
జగద్గిరిగుట్ట దిగువన, నీళ్ల ట్యాంకర్ కాడ
ఐలేష్, పంతొమ్మిదేళ్లు, మీసం ఇంకా సందేహంలోనే ఉంది,
బోండాల బండి మీది కత్తి తీసి
గిరిగిరి లెక్కల మాణయ్యను నరికాడు.
సాక్షులు చెప్పింది: బిందె వరుస తప్పిందని లొల్లి.
రాశాను.
బిందె: స్టీలుది, సొట్టది, స్వాధీనం చేసుకోబడినది.

'క్షణిక' దగ్గర పెన్ను ఆగింది.
క్షణం అంటే ఎంత సార్?
వాడి నాయన జీడిమెట్లలో డ్రమ్ములు కడిగి కడిగి
పసుపుపచ్చగా దగ్గి పోయినప్పుడు
"మా దగ్గర ఆ పేరున్నోడు లేడు" అని
కంపెనీ గేటు చెప్పిన క్షణమా?
కార్డన్ సెర్చ్ రాత్రి, కాగితాల్లేని బండికి
తల్లి ముందు, చెల్లె ముందు
మావాడొకడు కొట్టిన చెంపదెబ్బా?
అది ఏ రిజిస్టర్‌లోనూ లేదు, చెంప మీద తప్ప.

పేదరికం అని రాద్దామనుకున్నా.
కానీ ఆ ట్యాంకర్ ముందు నూట నలభై బిందెలున్నాయి,
కత్తి పట్టింది ఒక్క చెయ్యి.
మిగతా చేతులు ఇన్నేళ్లు ఎట్లా ఊరుకున్నాయో
ఏ ఫారమూ అడగదు.
తాగుడు అని రాద్దామంటే
వాడి నోటి వాసన చూసిన డాక్టరు
"ఆకలి" అన్నాడు, అదీ నవ్వుతూ.

జూబ్లీహిల్స్‌లో చేసినప్పుడు చూశాను,
అక్కడ కారణం ముందే టైపు చేసుకుని వచ్చేది.
నాలుగు పేజీలు, కింద వకీలు సంతకం:
నిద్రలేమి, మందుల ప్రభావం, బాల్యంలో ఒంటరితనం.
గుట్ట కిందివాళ్లకు బాల్యం ఉన్నట్టు
నేనెప్పుడూ రాయలేదు. గడిలో పట్టదు.

ఇంకొక మాట.
ఆషాఢంలో వాడి తల్లి సాయమ్మ వచ్చింది.
మాణయ్య సిలిండర్ ఎత్తుకపోయిండని,
కొడుకును బజార్ల మోకాళ్ల మీద కూసోబెట్టిండని,
"సారూ, పోరడు రాత్రిళ్లు నిద్రపోతలేడు,
జర పిలిచి మాట్లాడుండ్రి."
బోనాల బందోబస్తు ఉంది, రేపు రా అన్నాను.
వచ్చింది. ఎల్లుండి రా అన్నాను.
మూడోసారి కాగితం చేతికిచ్చి,
నమస్తే పెట్టి, చెప్పులు తొడుక్కుంది.

ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
ఊగుతున్న టేబుల్ కాలు కింద దోపాను.
ఇప్పుడూ అక్కడే ఉంది.

టేబుల్ కదలడం లేదు.
గడి నింపాను, గుండ్రటి అక్షరాలతో.
ఎస్సై గారు చూసి
మీ దస్తూరి బాగుంటుందయ్యా అన్నారు.