చలికాలపు గది

వంటింటి బల్ల మీద పటం పరిచాను.
నాలుగు మూలలకీ నాలుగు కాపలాలు:
ఉప్పు డబ్బా, తుమాష్ కళ్లజోడు,
సగం కోసిన రై రొట్టె, నా మోచేయి.
పటానికి ముప్పై ఎనిమిదేళ్లు.
అందులో మంచునది ఇంకా నీలంగానే ఉంది
లోయలోకి నాలుక చాపుకుని.
ఇప్పుడక్కడ బూడిదరంగు రాళ్లు,
ఎవరూ పేరు పెట్టని ఒక మడుగు,
బండకి దిగ్గొట్టిన ఇనుప నిచ్చెన.
నూట పన్నెండు మెట్లట.
"నీ మోకాలినడుగు," అంటాడు తుమాష్
తన మోకాలి ఊసు రానివ్వకుండా.

లదీనాకి ఫోన్ చేశాను.
చమన్నా నైరాకి కాపరి ఆవిడ.
మా భాషలో నల్ల గుడిసె అని; నిజానికి
దాని తలుపొక్కటే నలుపు.
సెప్టెంబరు ఆఖరికే వంటగదికి తాళం వేసి
మూడు కోళ్లనీ కాఫీ యంత్రాన్నీ
కిందికి దించేసుకుంది.
"ఇద్దరం. రెండు రాత్రులు," అన్నాను.
"చలికాలపు గదికి ముందు చెప్పక్కర్లేదు,
ముందొచ్చినవాళ్లది పొయ్యి పక్క పరుపు."
ఎనిమిది పరుపులు, పదహారు కంబళ్లు.
నీళ్లుండవు, మంచు కరిగించుకోవాలి.
మంచు పడకపోతే?
"మడుగు దాకా నడవండి."
మడుగు గడ్డకడితే?
"గొడ్డలి ఉంది కదా, బార్క్లామియూ."
బల్లెక్కి కిటికీలోంచి తల బయట పెడితే
ఇటలీ వైపు సిగ్నలు ఒక్క గీత దొరుకుతుందట,
అదీ గాలి దయ.
కాల్చినన్ని కట్టెలు చీల్చి పేర్చి రావాలి.
డబ్బులు గోడనున్న రేకు పెట్టెలో వెయ్యాలి.
లెక్క ఎవరూ చూడరు.

ఆ చివరి మాట దగ్గరే
నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాను.

ఎనభై ఏడు, నవంబరు.
అప్పటికి వాడింకా మా చెల్లెలి మొగుడు కాలేదు.
ఒక్క రాత్రికని వెళ్లి మూడు రాత్రులు ఇరుక్కున్నాం.
రెండో రోజుకి కట్టెలైపోయాయి.
మూడో రాత్రి, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా,
మూలనున్న ముక్కాలి పీటని పొయ్యిలో పెట్టాం.
భలే కాలింది. ఇంత పీట
తెల్లారేదాకా మమ్మల్ని కాచింది.
దిగొచ్చేటప్పుడు పెట్టెలో వాడు వేశాడనుకున్నాను.
నేను వేశాననుకున్నాడట.
మొన్న వేసవిలో, పేకాట మధ్యలో,
వాడు ఓడిపోతూ ఓడిపోతూ అడిగాడు:
"అవునూ, ఆ పీటకి ఎంత కట్టావు?"
ముక్కలు బల్ల మీద బోర్లా పెట్టేశాం.
ఆ ఆట ఇప్పటికీ పూర్తికాలేదు.

ఇదిగో, అందుకే ఈ పటం.
తుమాష్ తన కొట్లో అరోల్లా పైను చెక్కతో
కొత్త పీట చేశాడు.
తూకం వేస్తే మూడు కిలోల రెండువందలు.
ఇక దేన్ని వదిలెయ్యాలి?
గట్టి జున్ను? వీల్లేదు.
రెండో స్వెటరు? మా చెల్లెలు ఊరుకోదు.
బైనాక్యులర్ని బీరువాలో పెట్టేశాను.
వాడు రేజరు తీసేసి గెలిచినట్టు చూశాడు.
చివరికి మేకులన్నీ ఊడబెరికి
కాళ్లని మరలతో బిగించేలా మార్చాడు.
కాళ్లు మూడూ వాడి సంచిలో, పలక నా వీపుకి.
తిలాపాపం తలా పిడికెడు.

కవరులో రెండువందల ఫ్రాంకులు పెట్టాం.
పడకలకింత, కట్టెలకింత, ఆలస్యానికింత.
ఆలస్యానికి ధర ఎంతో తెలియక
చిల్లరంతా అందులో పోశాం.
గలగలమంటుంటే వాడు గుడ్డ చుట్టాడు.

గురువారం ఎండట, శుక్రవారం దక్షిణపు గాలి.
ఆరింటి మొదటి బస్సుకి పోవాలి.
మళ్లీ ఫోన్ చేసింది లదీనా,
ఒక్క సంగతి చెప్పడం మరిచానని:
"తలుపు బయటికి తెరుచుకుంటుంది.
మంచు కూరుకుపోతే లోపలున్నవాళ్లు తెరవలేరు.
పార బయట గోడకి వేలాడుతుంటుంది.
వాడాక అక్కడే పెట్టండి."
"మరి లోపలున్నవాళ్లు?"
"ఎవరో ఒకరు వస్తారు," అంది.

ఫోను పెట్టేశాక తుమాష్
పటం మీద రొట్టె తునకలు చేత్తో తుడిచాడు.
కొన్ని మంచునది నీలంలో ఉండిపోయాయి.